హైదరాబాదు నుంచి బందరు కోటకు: పాత రేవును చూసిరావడం ఎలా

ఎల్బీనగర్ దాటి విజయవాడ వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారి విజయవాడతో ఆగిపోదు. ఆ ఊళ్లో బందరు రోడ్డు అనే పేరుతో సాగి, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా మచిలీపట్నం, అంటే బందరు చేరి అక్కడ అయిపోతుంది. గోలకొండ సుల్తానుల కాలంలోనూ ఈ దారికి కొస బందరే. గోలకొండకు వజ్రాలున్నాయి, నేతగాళ్లున్నారు, సముద్రం మాత్రం గుమ్మంలో లేదు. అందుకే తూర్పు తీరంలోని ఈ రేవు ఆ రాజ్యానికి ఊపిరి అయింది. పారసీలో బందర్ అంటేనే ఓడరేవు. 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే, పెగూ, సయాం, అరకాన్, బెంగాల్, మక్కా, హొర్ముజ్, సుమత్రాలకు ఓడలు ఇక్కణ్నుంచే బయల్దేరతాయని రాసుకున్నాడు.

"బందర్లో చూడ్డానికి ఏముందండీ?" అని ఆ ఊరివాళ్లే మిమ్మల్ని అడుగుతారు. గోలకొండలాగా నిలబడ్డ కోట కోసం వెళ్తే ఆ ప్రశ్న న్యాయమే అనిపిస్తుంది. కోట చాలావరకు పోయింది. మిగిలినవి కొన్ని మొండి గోడలు, డచ్చివారి సమాధులు, పేటల పేర్లు, పెడనలో ఇప్పటికీ అచ్చులతో అద్దే గుడ్డ, వీటన్నిటి చుట్టూ ఒండ్రు, ఉప్పునీరు. ఈ రేవు ఎందుకు వెలిగిందో, ఎందుకు ఆరిపోయిందో ఆ ఒండ్రూ ఆ నీళ్లూ చెబుతాయి. వాటిని చూసే పద్ధతి తెలిసి వెళ్తే రెండు పగళ్లు నిండుగా గడుస్తాయి. ఒక్క పగలు పెట్టుకుంటే బీచీ, లడ్డూ తప్ప ఇంకేం మిగలదు.

ఎప్పుడు వెళ్లాలి

డిసెంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు సగం వరకు తుపానుల రోజులు. ఈ తీరంలో తుపాను అంటే వాన ఒక్కటే కాదు, ఉప్పెన. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం దాదాపు 13 అడుగుల ఎత్తున ఊరి మీదికి వచ్చింది. బందరులో, చుట్టుపక్కల సుమారు 30,000 మంది పోయారు. తర్వాత బ్రిటిష్ సైన్యం కోటను వదిలేసింది. పక్కనే ఉన్న దివిసీమను 1977 నవంబరు 19న ఇంకో ఉప్పెన ముంచింది. కాబట్టి నవంబరులో గది బుక్ చేసుకున్నా, బయల్దేరే ముందు రెండు రోజుల పాటు వాతావరణ శాఖ ప్రకటనలు చూస్తూ ఉండండి. రేవులో ఒకటో నంబరు హెచ్చరిక అంటే దూరంగా వాయుగుండం ఉందని అర్థం. మూడో నంబరు ఎగరేశారంటే ప్రయాణం మానుకోండి. టికెట్ డబ్బు పోతే పోనివ్వండి.

వేసవి ఉక్కపోత ఎలాగూ ఉంటుంది. ఆ రోజుల్లో వెళ్లొద్దనడానికి దానికన్నా ముఖ్యమైన కారణాలు రెండున్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం, అంటే చేపల రేవు బోసిపోయి ఉంటుంది. దాదాపు ఆ రోజుల్లోనే డెల్టాలో కాలవలు కట్టేస్తారు, కలంకారీ గుడ్డ ఉతకడానికి పారే నీళ్లు ఉండవు. బందరులో చూడదగ్గ రెండు పనులూ ఒకేసారి ఆగిపోయే నెలల్లో అక్కడికి వెళ్లడం దండగ. కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాల కోసం మంగినపూడికి జనం పోటెత్తుతారు. స్నానం కోసమే అయితే వెళ్లండి, పాత రేవు చూడటానికైతే ఆ రోజు వద్దు.

పోటు, పాటు చూసుకుని రోజును పేర్చండి

హైదరాబాదు నుంచి వెళ్లేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. మన చెరువు నీళ్లు పొద్దున ఎక్కడుంటాయో సాయంత్రమూ అక్కడే ఉంటాయి. బందరు కోట దగ్గరి కాలవలు, మడ చెట్ల మధ్య పాయలు రోజుకు రెండుసార్లు నిండుతాయి, రెండుసార్లు తీస్తాయి. నీరు పైకి రావడం పోటు, వెనక్కి పోవడం పాటు. ఒక పోటుకూ ఇంకో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందువల్ల రోజురోజుకూ 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. శనివారం ఉదయం 7 గంటలకు నిండు పోటు ఉంటే, నీరు బాగా తీసేది మధ్యాహ్నం 1 దాటాక. ఆదివారం నిండు పోటు 7.50 ప్రాంతంలో. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో పోటు ఎక్కువ ఎత్తుకు వస్తుంది, పాటు ఎక్కువ కిందికి పోతుంది. అష్టమి దగ్గర తేడా తగ్గుతుంది. ఇంట్లో గోడకున్న తెలుగు క్యాలెండరు చాలు, తేదీ ఎంచుకోవడానికి. గంటల కోసం మచిలీపట్నం పోటు పట్టిక ఫోన్లో చూసుకోండి, లేదా రేవులో ఎవరినైనా "బాబాయ్, ఇప్పుడు పోటా, పాటా?" అని అడగండి. సరిగ్గా చెబుతారు.

దీన్ని బట్టి రోజును ఇలా పేర్చుకోవచ్చు. చేపల రేవుకు పోటు మీద వెళ్లండి, పడవలు లోపలికి వచ్చేది అప్పుడే. కోట పరిసరాలకు పాటు సగం అయ్యాక వెళ్లండి, నేల తేలి ఉంటుంది, పాయల గట్ల ఆకారం కనబడుతుంది. రెండూ ఒకే పూట సరిపోకపోతే చేపల రేవును మర్నాటికి ఉంచుకోండి.

ఈ కోట చరిత్రను మార్చింది కూడా పాటే. 1750లో కోట ఫ్రెంచివారి చేతికి వచ్చింది. 1759లో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ దాన్ని ముట్టడించాడు. చుట్టూ బురద, కందకం, పాయ. కందకంలో నీళ్లు తగ్గే వేళ చూసుకుని ఏప్రిల్ 7 అర్ధరాత్రి సైన్యాన్ని దించాడు. ఎవరూ నడిచి రాలేరనుకున్న బురద వైపు నుంచి ఒక దళాన్ని మోసపు దాడికి పంపాడు. తెల్లారేసరికి కోట లొంగిపోయింది. హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ ఫ్రెంచివారికి సాయంగా సైన్యంతో వచ్చి అక్కడికి దగ్గర్లోనే విడిది చేసి ఉన్నాడు. మరుసటి నెలలో ఆయనే ఇంగ్లీషువారితో ఒప్పందం చేసుకుని బందరు సర్కారును వాళ్లకు వదిలేశాడు. గట్టు మీద నిలబడి నీరు తీస్తుండగా చూస్తే, ఆ రాత్రి ఏ వైపు నుంచి ఏం జరిగి ఉంటుందో మీకే అందుతుంది.

ప్రయాణం

కారులో హైదరాబాదు నుంచి బందరు సుమారు 340 కిలోమీటర్లు. ఆగుతూ వెళ్తే ఏడు గంటలు. చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ, నందిగామ, విజయవాడ. విజయవాడ ఊరి మధ్యలోంచి ఉదయం 9 నుంచి 11 దాకా, సాయంత్రం 5 తర్వాత వెళ్లకుండా చూసుకోండి. బందరు రోడ్డు మీద సిగ్నళ్లలోనే ముప్పావు గంట పోతుంది. తెల్లవారుజామున 4.30కి బయల్దేరితే తొమ్మిదిలోపే విజయవాడ దాటొచ్చు. అక్కణ్నుంచి ఇంకో 70 కిలోమీటర్లు.

రైలైతే బీదర్ నుంచి మచిలీపట్నం వెళ్లే సూపర్‌ఫాస్ట్ సికింద్రాబాద్ మీదుగా రాత్రిపూట నడుస్తుంది. పొద్దున్నే ఊళ్లో దింపుతుంది కాబట్టి ఇది అన్నిటికన్నా వీలు. సమయాలు మారుతుంటాయి, టికెట్ తీసేటప్పుడే చూసుకోండి. సంక్రాంతి వారంలో ఈ బండి ఆశ పెట్టుకోవద్దు. బస్సులు ఎంజీబీఎస్ నుంచి ఉన్నాయి. నేరుగా వెళ్లేది దొరక్కపోతే విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండులో దిగితే బందరు బస్సులు వస్తూనే ఉంటాయి. ఊళ్లో తిరగడానికి ఆటో పూటకు మాట్లాడుకోండి. కోటకూ మంగినపూడికీ వెళ్లాక తిరుగు ఆటో దొరకడం కష్టం. కాబట్టి "అక్కడ గంటసేపు ఆగాలి" అని ముందే చెప్పి, రానూపోనూ ఖరారు చేసుకోవాలి.

కారులో వెళ్లేవాళ్లు దారిలో రెండుచోట్ల ఆగాలి. మొదటిది ఇంకా సిటీ దాటకముందే వస్తుంది, అదే హయత్‌నగర్. అబ్దుల్లా కుతుబ్ షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరు. మసీదు, దాని చుట్టూ బాటసారుల సరాయి గదులు, దగ్గర్లో హాథీ బావ్లీ అనే పెద్ద బావి. బందరు నుంచి వచ్చే సరుకు బిడారు నగరంలోకి అడుగుపెట్టే ముందు ఆగేందుకు తగిన చోటు. సరాయి గదులను లెక్కపెట్టండి, ఆ దారిలో రాకపోకలు ఏపాటివో తెలుస్తుంది. ఇరవై నిమిషాలు చాలు.

రెండోది ఘంటసాల. పామర్రులో హైవే వదిలి చల్లపల్లి వైపు తిరిగితే ముందు కూచిపూడి, ఆ తర్వాత ఘంటసాల వస్తాయి. చల్లపల్లి మీదుగా బందరు చేరవచ్చు, వెనక్కి రానక్కర్లేదు. గ్రీకు భూగోళకారుడు టాలెమీ చెప్పిన కంటకస్సుల రేవు ఇదేనని పండితులు గుర్తించారు. ఇక్కడి బౌద్ధ శాసనాల్లో ఒకదానిలో మహానావికుడు శివకుడనే పేరుంది. ఓడలు నడిపిన మనిషి తన పేరును రాతి మీద పెట్టించుకోగలిగాడంటే ఆ వృత్తికి ఎంత గౌరవమో చూడండి. శాతవాహనులు రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మతో నాణేలు కొట్టించారు. ఊళ్లో స్తూపం దిబ్బ, మ్యూజియం, జలధీశ్వరాలయం ఉన్నాయి. ఇప్పుడు సముద్రం కనుచూపు మేరలో లేదు, దేవుడి పేరులో మాత్రం మిగిలింది. కృష్ణ ఏటా తెచ్చి పోసిన ఒండ్రుతో తీరం ముందుకు జరిగిపోయింది. ఘంటసాలను చూసుకుని వెళ్తే బందరు పరిస్థితి సగం అర్థమైపోతుంది. పురావస్తు మ్యూజియంలు చాలాచోట్ల శుక్రవారం మూసి ఉంటాయి, ఆ రోజు తప్పించండి.

ఊళ్లో: పేర్లు, సమాధులు

మొదటి పూట ఊళ్లోనే నడవండి. పేట పేర్లు పాత వర్తకుల చిట్టా. వలందపాలెం అంటే హాలెండువారి పాలెం. డచ్చివారిని తెలుగులో వలందులు అనేవారు. పరాసుపేటలో ఉన్నది ఫ్రాన్సు. ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పనక్కర్లేదు. డచ్చివారు 1605లో వచ్చారు, ఇంగ్లీషువారు 1611లో గ్లోబ్ అనే ఓడ మీద వచ్చారు. 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఇంగ్లీషువారికి బంగారు ఫర్మానా అని పేరుపడ్డ పత్రం ఇచ్చాడు. ఏటా 500 వరహాలు కట్టి గోలకొండ రేవుల్లో వ్యాపారం చేసుకోవచ్చని దాని సారం. మద్రాసులో ఇంగ్లీషువారు కోట కట్టుకోకముందు మాట ఇది.

డచ్చివారి సమాధుల తోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. చాలామంది అయిదు నిమిషాల్లో ఫోటో తీసి వచ్చేస్తారు. కనీసం ముప్పావు గంట ఇవ్వండి, అదీ ఉదయం 8లోపు లేదా సాయంత్రం 4.30 తర్వాత. కారణం ఉంది. ఈ రాళ్ల మీద అక్షరాలు, వంశచిహ్నాలు ఉబ్బెత్తుగా చెక్కి ఉంటాయి. నడినెత్తిన ఎండ ఉంటే నీడ పడదు, రాయి అంతా ఒకే బూడిద రంగులో కనబడుతుంది. ఏటవాలు వెలుతురులో ప్రతి అక్షరానికీ ఒక అంచు నీడ పడి చదవడానికి వీలవుతుంది. మబ్బు పట్టిన రోజైతే ఫోన్ టార్చిని రాతికి పక్కగా, దాదాపు తాకేంత కిందికి పట్టుకుని చూడండి. డచ్చి సమాధుల మీద తరచు కనబడే మొదటి మాటలు "హియర్ లెయ్ట్ బెగ్రావెన్", ఇక్కడ పాతిపెట్టబడెను అని అర్థం. తర్వాత పేరు, హోదా, పుట్టిన ఊరు, చనిపోయిన తేదీ వరసగా వస్తాయి. హోదా దగ్గర ఆగండి. పెద్ద వర్తకుడా, చిన్న వర్తకుడా అన్నది డచ్చి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగంలో మెట్టు. వయసు ఇచ్చి ఉంటే అదీ చూడండి. ఎంత చిన్న వయసులో పోయారో చూస్తే ఇక్కడి వాతావరణం వాళ్లను ఏం చేసిందో తెలుస్తుంది.

అక్షరాలు కనబడాలని సుద్ద పుయ్యడం, నీళ్లు పోసి రుద్దడం చెయ్యకండి. ఉప్పుగాలికి రాయి ముందే పొరలు ఊడుతూ ఉంటుంది, రుద్దితే ఆ పొరతోపాటు అక్షరమూ పోతుంది. పిల్లల్ని సమాధుల మీద కూర్చోబెట్టి ఫోటోలు తియ్యకండి.

కోట

కోట ఊరికి ఆగ్నేయంగా మూడు, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ దారే ఒక పాఠం. రెండువైపులా పల్లపు నేల, ఉప్పు తేలిన చెలకలు, మడ చెట్లు. పాతకాలంలో ఊరికీ కోటకూ మధ్య బురదలో వేసిన కట్ట ఒక్కటే తోవ. ఇంత పల్లంలో కోట ఎందుకు కట్టారనే ప్రశ్నకు జవాబు అక్కడి పాయలోనే ఉంది. పెద్ద ఓడలు ఇక్కడ ఒడ్డుకు రాలేవు. ఒండ్రు వల్ల సముద్రం మైళ్ల దూరం లోతు లేకుండా ఉంటుంది. ఓడలు దూరంగా లంగరు వేసేవి, సరుకు చిన్న పడవల్లో పాయలోకి వచ్చేది. ఆ పాయ నోటిని కాపలా కాసేవాడిదే రేవు. అలల్లో సరుకు దించడానికి కోరమాండల్ తీరమంతా వాడిన మసూలా పడవలకు మేకులుండవు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. కెరటం కొట్టినప్పుడు మేకు వేసిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగి నిలబడుతుంది.

ఇప్పుడు అక్కడ కనబడేవి ఇటుకా సున్నంతో కట్టిన మొండి గోడలు, పాత కట్టడాల ముక్కలు, తుమ్మ పొదలు. ఇలా చూడండి. ముందు బయట గట్టు వెంట నడిచి నేల ఎత్తు పల్లాలు గమనించండి. పొడుగ్గా పల్లంగా, పచ్చగా ఉన్న చాలు కనబడితే అది పాత కందకం కావచ్చు. తర్వాత గోడ దగ్గరికి వెళ్లి ఇటుక చూడండి. కింది వరసలు పొడిపొడిగా రాలి లోపలికి తినేసినట్టుంటాయి, పైవి గట్టిగా ఉంటాయి. నేలలోని ఉప్పునీటిని ఇటుక పీల్చుకుంటుంది. నీరు ఆవిరయ్యాక ఉప్పు స్ఫటికమై లోపలి నుంచి ఇటుకను పగలగొడుతుంది. ఆ గీత ఎంత ఎత్తు దాకా ఉందో చూస్తే నేల చెమ్మ గోడలో ఎంతవరకు ఎక్కిందో తెలుస్తుంది. అందుకే ఆ గోడల మీదికి ఎక్కొద్దు, ఆనుకుని నిలబడొద్దు. కింద బలం లేని గోడ పైన గట్టిగా కనబడుతుంది.

బురద విషయంలో జాగ్రత్త. పైన ఎండి పెళుసుగా పగిలిన నేల కింద మెత్తటి ఒండ్రు ఉంటుంది. పశువుల అడుగులు పడ్డ చోటే నడవండి. చేతిలో కర్ర ఉంచుకుని ముందు పొడిచి చూడండి, జానెడు దిగితే వెనక్కి తిరగండి. రబ్బరు చెప్పులు మొదటి పది అడుగుల్లోనే అందులో ఉండిపోతాయి. మడమకు బెల్టు ఉన్న చెప్పులు వేసుకోండి. కాలు మోకాలి దాకా దిగితే ఒక్కసారిగా లాగొద్దు, అలా లాగితే రెండో కాలు ఇంకా కిందికి పోతుంది. వెనక్కి వాలి బరువును పిరుదుల మీదికి తెచ్చుకుని, దిగిన కాలును అటూ ఇటూ ఆడించండి. పక్క నుంచి నీరు, గాలి లోపలికి వెళ్లాక పట్టు వదులుతుంది. పొదల్లో పాములుంటాయి, సూర్యాస్తమయానికి అరగంట ముందే తిరుగు దారి పట్టండి. మనిషికి రెండు లీటర్ల మంచినీళ్లు ఊళ్లోనే కొనుక్కోండి, అక్కడ దొరకవు.

గిలకలదిండి చేపల రేవు

కోటకు దగ్గర్లోనే. పాత రేవు చచ్చిపోయిందనుకునేవాళ్లు ఇక్కడికి రావాలి. పోటు మీద పడవలు వరసగా వస్తాయి, గంపలు దిగుతాయి, వేలం పాట మొదలవుతుంది. మొగ, అంటే పాయ సముద్రంలో కలిసే నోరు, పూడినప్పుడు పడవలు పోటు కోసం బయటే ఆగాల్సి వస్తుంది. 400 ఏళ్ల కిందట డచ్చి ఓడలకున్న ఇబ్బంది ఇదే.

వేలం జరిగేటప్పుడు మధ్యలో నిలబడి ఫోటోలు తీస్తే పని చెడుతుంది. గోడ పక్కన నిలబడి చూడండి, మనుషుల్ని ఫోటో తీసేముందు అడగండి. చందువ, వంజరం, పండుగప్ప, రొయ్య, పీత అన్నీ వస్తాయి కానీ పాట గంపలెక్కన. రెండు కిలోలు కావాలంటే పాట అయ్యాక కొనుక్కున్న అమ్మల దగ్గర తీసుకోండి. హైదరాబాదు తేవాలంటే థర్మాకోల్ పెట్టెలో ఎంత చేప తూకమో అంత ఐసు, అడుగున ఒక వరస, మధ్యమధ్య వరసలు, పైన మూత. పొట్ట తీయించి కడిగించాకే పెట్టండి, ముక్కలు కొట్టించొద్దు. పెట్టె అడుగున చిన్న రంధ్రం ఉండాలి. కరిగిన నీళ్లలో చేప నానితే మెత్తబడి వాసన వస్తుంది. ఇది సొంత కారు ఉన్నవాళ్లకే. ఆ నీళ్లు కారుతుంటే బస్సులో ఎక్కనివ్వరు.

పెడన కలంకారీ

రెండో రోజు ఉదయం దీనికే ఇవ్వండి. పెడన బందరుకు పదికిలోమీటర్ల చిల్లర. యూరపు ఓడలు ఈ తీరానికి వచ్చింది ముఖ్యంగా గుడ్డ కోసం. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ టేకు చెక్క అచ్చులతో అద్దుతారు. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

అద్దకం షెడ్డుకు ఉదయం పదిలోపు వెళ్లండి. అడిగితే చూపిస్తారు, కాకపోతే తడి అద్దకం మీద చెయ్యి పెట్టకూడదు. చూడాల్సిన వరస ఇది. మొదట గుడ్డ గంజి పోయేలా నానబెట్టి, ఉతికి, ఎండలో తెల్లబరుస్తారు. తర్వాత కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేస్తారు. గుడ్డ లేత పసుపుకు తిరుగుతుంది. కరక్కాయలోని వగరే రంగును పట్టి ఉంచేది. పాల కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. పాలు తగ్గిస్తే గీతలు అలుక్కుపోతాయి. ఆ పైన నల్ల అద్దకం, ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన రసంతో. కుండలో ఉన్నప్పుడు అది గోధుమ రంగు నీళ్లలాగే ఉంటుంది. అచ్చు గుడ్డకు తగిలిన క్షణంలో కరక్కాయ వగరుతో కలిసి నల్లబడుతుంది. ఆ ఒక్క క్షణం దగ్గర నిలబడి చూడండి. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు అద్దుతారు, అప్పటికి ఎరుపు కనబడదు. కొన్ని రోజులు ఆరనిచ్చి, పారే నీళ్లలో ఉతికి, రంగు వేసిన నీళ్లలో ఉడికిస్తారు. పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. నిలవ నీళ్లలో ఉతికితే వదిలిన పటిక పక్క చోట అంటుకుని మరకలు పడతాయి, కాలవ కావాల్సింది అందుకే. పాతరోజుల్లో ఆ ఎరుపు చిరివేరు అనే మొక్క వేరు నుంచి వచ్చేది.

కొనేటప్పుడు గుడ్డ తిరగేసి చూడండి. అచ్చు అద్దకంలో ఎరుపు, నలుపు వెనక్కి దాదాపు అంతే దిగుతాయి. యంత్రం ప్రింటు వెనక వైపు వెలిసినట్టుంటుంది. అంచు వెంట కన్ను నడిపితే అచ్చుకూ అచ్చుకూ కలిసే చోట వెంట్రుకవాసి తేడా, ఒకచోట గీత మందం, ఒకచోట పలచన కనబడాలి. మొత్తం ఒక్కలాగే ఉంటే అది స్క్రీను. తెలుపు పాలమీగడలాగా ఉండాలి, సున్నం కొట్టినట్టు ఉండకూడదు. గులాబీ, చిలకపచ్చ మెరుస్తుంటే రసాయన రంగులే. అది తప్పేం కాదు, కానీ సహజ రంగుల ధర ఇవ్వకండి. ఇంటికి తెచ్చాక మొదటి రెండు ఉతుకులూ విడిగా, చన్నీళ్లలో, కుంకుడు రసంతో. నీడలో ఆరెయ్యండి. నిమ్మకాయ, వెనిగర్ తగలనివ్వొద్దు, పులుపుకు నలుపు వెలుస్తుంది.

మంగినపూడి, లడ్డు, తిరుగు ప్రయాణం

మంగినపూడి బీచి ఊరికి 11 కిలోమీటర్లు. ఇసుక తక్కువ, నల్లటి ఒండ్రు ఎక్కువ. నీరు మురికి కాదు, కృష్ణ మట్టి కలిసిన రంగు అది. లోతు లేదనిపించి ముందుకు పోవడమే ప్రమాదం. కాలి కింద ఒండ్రు జారుతుంది, గుంటలు కనబడవు. మోకాలి లోతు దాటొద్దు, పాటు మీద నీరు వెనక్కి లాగే వేళ పిల్లల్ని దించొద్దు. 2023లో మొదలైన కొత్త పోర్టు పనుల వల్ల ఆ వైపు రోడ్ల మీద లారీలుంటాయి, రాత్రిపూట బైకు మీద రావొద్దు.

బందరు లడ్డును తొక్కుడు లడ్డు అంటారు. శనగపిండిని పూసగా వేయించి, రోకలితో దంచి, జల్లించి, బెల్లం పాకంలో నెయ్యి పోస్తూ మళ్లీ దంచి కడతారు. అందుకే నోట్లో పలుకు తగలదు. 2017లో దీనికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చిన బొందిలీ కుటుంబాలు తెచ్చిన వంట అని ఊళ్లో చెబుతారు. కొనేముందు ఒకటి విరిచి చూడండి. మెత్తగా విడిపోవాలి, వేళ్లకు నెయ్యి అంటాలి. ఎన్ని రోజులు నిలవ ఉంటుందో కట్టినవాళ్లనే అడగండి. ఫ్రిజ్‌లో పెడితే నెయ్యి గడ్డకట్టి రాయవుతుంది, డబ్బాలో బయటే ఉంచండి.

తిరుగు ప్రయాణం కారులో అయితే మధ్యాహ్నం 2 లోపు బందరు వదలండి. ఉయ్యూరు, కంకిపాడు దాటి సాయంత్రం రద్దీ మొదలవకముందే విజయవాడ బయటపడతారు. ఆదివారం రాత్రి చౌటుప్పల్ నుంచి ఎల్బీనగర్ దాకా వాహనాలు కిక్కిరిసి ఉంటాయి, ఆ చివరి నలభై చిల్లర కిలోమీటర్లకు రెండు గంటలు వేసుకోండి.